చదవడం, లెక్కపెట్టడం ఒకే మాట అయిన చోట: జాంబియాలో ఒక టీచర్ ఏడాది

ఇది ఒక కేస్ స్టడీ, ఇందులో వ్యక్తిని నేనే. వయసు 47. మహబూబ్‌నగర్ వైపు ఒక ఉన్నత పాఠశాలలో గణితం స్కూల్ అసిస్టెంట్‌ని, 22 ఏళ్ల సర్వీసు. 2023 మే నుంచి 2024 ఏప్రిల్ దాకా జాంబియా దేశంలో, తూర్పు ప్రావిన్స్ ముఖ్యపట్టణమైన చిపాటాకు దగ్గర్లో ఒక కమ్యూనిటీ స్కూల్లో వాలంటీర్‌గా పనిచేశాను. బీఈడీలో నేను రాసిన మొదటి కేస్ స్టడీ తరచూ బడి ఎగ్గొట్టే ఒక అబ్బాయి మీద. ఈసారి బడి వదిలేయాలనుకున్నది టీచరు. అయినా పద్ధతి అదే: సమస్య ఏమిటి, ఏం చేశాం, ఏం మారింది, ఏం మారలేదు.

సమస్య

మా మండలంలో నాకు మంచి పేరుంది. పదో తరగతి గణితంలో మా బడి పిల్లలు బాగా పాసయ్యేవాళ్లు. ఆ పేరు వెనక ఏముంటుందో తోటి టీచర్లకు తెలుసు. చలికాలం మొదలైన దగ్గర్నుంచి పొద్దున ఒక స్పెషల్ క్లాసు, సాయంత్రం ఒకటి. స్లిప్ టెస్టులు. వెనకబడిన పిల్లల్ని టీచర్లు దత్తత తీసుకోవడం. తప్పకుండా వచ్చే ప్రశ్నల్ని పదిసార్లు, ఇరవైసార్లు చేయించడం. వీటన్నిటినీ యాప్‌లో ఎక్కించడం.

2022లో ఫలితాలు వచ్చాక ఒక అమ్మాయి మిఠాయి డబ్బా పట్టుకొని వచ్చింది. "మీ వల్లే లెక్కల్లో పాసైన టీచర్" అంది. ఇద్దరం ఒకే బస్సులో మండల కేంద్రానికి బయల్దేరాం. కండక్టర్‌కు 100 నోటు ఇచ్చింది, టికెట్లకు 65 అయ్యాయి. చిల్లర ఎంత రావాలో తనకు తెలియలేదు. నా వైపు చూసింది. త్రికోణమితి ప్రశ్నకు మార్కులు తెచ్చుకున్న పిల్ల వందలోంచి అరవై ఐదు తీసేయలేకపోయింది. ఆ మిఠాయి నేను తినలేదు, డబ్బా స్టాఫ్‌రూమ్‌లో పెట్టేశాను.

ఆ రోజు తర్వాత నాలో ఏదో సడలిపోయింది. పాఠం చెప్తుంటే నా గొంతు నాకే ఎక్కడో దూరం నుంచి వినిపించేది. ఆదివారం సాయంత్రం కాగానే టెన్షన్ మొదలయ్యేది. పిల్లలు డౌట్ అడిగితే చిరాకు వచ్చేది. 22 ఏళ్లలో నాకు ఎప్పుడూ లేని గుణం అది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్న్‌అవుట్‌ను పనికి సంబంధించిన పరిస్థితిగా నిర్వచిస్తూ మూడు లక్షణాలు చెప్పింది: ఒంట్లో శక్తి అయిపోవడం, పని మీద విముఖత పెరిగి మనసు దూరం జరగడం, మన పనికి ఫలితం లేదనిపించడం. మొదటి రెండూ సెలవు పెడితే తగ్గుతాయని నా అనుభవం. మూడోది సెలవుల్లో ఇంకా పెరిగింది, ఎందుకంటే ఆలోచించడానికి తీరిక దొరికింది. నేను చెప్పింది ఎవరికి వచ్చింది, ఎవరికి రాలేదు అన్నది ఇన్నేళ్లలో నాకు నిజంగా ఎప్పుడూ తెలియలేదు. తెలిసిందల్లా సిలబస్ ఎంత అయిందో, ఎంతమంది పాసయ్యారో.

ఒక స్వచ్ఛంద సంస్థ చదువు మానేసిన యువత కోసం, వాళ్ల చేత చిన్నపిల్లలకు చదువు చెప్పించే ప్రాజెక్టు ఒకటి నడుపుతోందని, అనుభవమున్న టీచర్లు కావాలని మా స్నేహితురాలి ద్వారా తెలిసింది. జీతం లేని సెలవుకు దరఖాస్తు పెట్టాను. మా ఆయన సరేనన్నారు. మా అత్తమ్మ మాత్రం ఒక్కటే అడిగింది. "సదువు చెప్పనీకి అంత దూరం ఎందుకు బిడ్డా, ఈడ పిల్లలు లేరా?" జవాబు చెప్పలేకపోయాను.

అక్కడి బడి

లుసాకా నుంచి చిపాటాకు గ్రేట్ ఈస్ట్ రోడ్డు మీద 570 కిలోమీటర్ల దాకా ఉంటుంది. లువాంగ్వా వంతెన దగ్గర బస్సు ఆగితే ఎండు చేపలు అమ్మేవాళ్లు కిటికీల దగ్గరికి వస్తారు. చిపాటా సైకిళ్ల ఊరు. సైకిల్ వెనక మెత్తటి సీటు కట్టి టాక్సీలా తిప్పుతారు. గుజరాత్ నుంచి తరాల కిందట వచ్చి స్థిరపడ్డ వ్యాపారుల దుకాణాలు ఉంటాయి, అక్కడ కందిపప్పు దొరికింది. మలావీ సరిహద్దు పక్కనే.

2022లో జాంబియా ప్రభుత్వం సర్కారు బళ్లలో ఫీజులు రద్దు చేసింది. ఎప్పుడో మానేసిన పిల్లలు మళ్లీ వచ్చారు, తరగతులు కిక్కిరిసిపోయాయి. కమ్యూనిటీ స్కూళ్లు వేరే. ప్రభుత్వ బడి దూరమైన చోట ఊరివాళ్లే కలిసి పెట్టుకున్న బళ్లు అవి. చాలాచోట్ల పాఠాలు చెప్పేది గ్రేడ్ 12 దాకా చదివి ఊళ్లోనే ఉండిపోయిన యువతీ యువకులు. మా బడిలో అలాంటివాళ్లు ఆరుగురు. వాళ్లకు శిక్షణ ఇవ్వడం నా పని. పద్ధతి మాత్రం మన దేశానిదే. మన ప్రథమ్ సంస్థ రూపొందించిన, స్థాయికి తగ్గ బోధన అనే పద్ధతిని జాంబియా విద్యాశాఖ 2016లో 'క్యాచ్ అప్' పేరుతో మొదలుపెట్టింది. గ్రేడ్ 3 నుంచి 5 దాకా పిల్లల్ని తరగతిని బట్టి కాకుండా, వాళ్లకు ఏం వచ్చో దాన్ని బట్టి రోజూ కాసేపు విడిగా కూర్చోబెడతారు. మేమూ అదే అనుసరించాం.

ఆ పద్ధతిలో మొదటి పని పరీక్ష. ఒక్కొక్క పిల్లను పక్కన కూర్చోబెట్టుకొని, ఒక కాగితం ముందు పెట్టి చదవమంటాం. ముందు నాలుగు వాక్యాల పేరా. అది చదివితే కథ ఇస్తాం. చదవలేకపోతే విడి పదాలు, అవీ రాకపోతే అక్షరాలు. లెక్కలకూ అలాగే: ఒక అంకె గుర్తుపట్టడం, రెండంకెలు, ఆ తర్వాత తీసివేత. ఒక పిల్లకు పది నిమిషాలు కూడా పట్టదు. మార్కులుండవు, ఆ పిల్ల ఎక్కడుందో మాత్రం తెలుస్తుంది. మొదటి వారంలో 41 మంది పిల్లల్ని అలా చూశాం. నాలుగూ ఐదూ గ్రేడుల వాళ్లలో 17 మందికి విడి పదం కూడా రాదు. మా నోట్‌బుక్కులో ఆ పేజీ చూస్తుంటే నాకు బస్సులోని అమ్మాయి గుర్తొచ్చింది. ఏడో తరగతిలో ఎవరైనా ఆమెను ఇలా పక్కన కూర్చోబెట్టుకొని ఉంటే! ఆ ఎవరైనా నేనే కదా. నాలుగేళ్లు నా క్లాసులోనే ఉంది.

భాష గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, నాలో మార్పు అక్కడే మొదలైంది. తూర్పు ప్రావిన్స్ బళ్లలో చిన్న తరగతుల బోధన చిన్యాంజా భాషలో. గోడ మీద అక్షరాల పట్టిక చూసి ఆగిపోయాను. మ, మె, మి, మొ, ము. కింద వరసలో న, నె, ని, నొ, ను. మన గుణింతమే! మన మాటల్లాగే వాళ్ల మాటలూ అచ్చుతోనే ముగుస్తాయి. ఇంకొకటి, మనకు నువ్వు, మీరు ఉన్నట్టే వాళ్లకు 'ఉలి బ్వాంజి', 'ములి బ్వాంజి' ఉన్నాయి. ఎలా ఉన్నావు, ఎలా ఉన్నారు అని. నాకది తెలియక మొదటిరోజు హెడ్ టీచర్ గారిని 'ఉలి బ్వాంజి' అని పలకరించాను. పిల్లలంతా గప్‌చుప్. ఒక చిన్నపిల్ల నా చీర కొంగు లాగి మెల్లగా "ములి" అని దిద్దింది. ఆ క్షణంలో నేను ఆ పిల్లకు విద్యార్థినిని. చాలా ఏళ్ల తర్వాత ఒక క్లాసులో నాకు రానిది ఒకటి ఉందని, దాన్ని నేర్చుకోవాలని గట్టిగా అనిపించింది.

కువెరెంగా అనే మాట అలాగే తెలిసింది. చదవడమన్నా అదే, లెక్కపెట్టడమన్నా అదే. సందర్భాన్ని బట్టి అర్థం చేసుకోవాలి. లెక్కల టీచర్‌గా నేను చదవడం నేర్పడాన్ని ఎప్పుడూ తెలుగు టీచర్ బాధ్యతగానే చూశాను. ప్రశ్న చదవలేని పిల్ల లెక్క ఎలా చేస్తుందని ఆలోచించనే లేదు.

నేను చేసిన తప్పు

మొదటి నెలన్నర నేనే క్లాసు తీసుకున్నాను. సైగలు, బొమ్మలు, వచ్చీరాని చిన్యాంజా, కొంచెం ఇంగ్లిష్. పుల్లలు ఏరుకొచ్చి పదేసి కట్టలు కట్టించాను. 42లో నాలుగు అంటే నాలుగు కట్టలు, రెండు అంటే రెండు విడి పుల్లలు. 42లోంచి 17 తీయాలంటే ఒక కట్ట విప్పాలి. మనం పదిని అప్పు తెచ్చుకోవడం అంటామే, అది పిల్లల కళ్లముందు జరుగుతుంది. పిల్లలు నవ్వుతూ నేర్చుకుంటున్నారు, నాకు నిద్ర బాగా పడుతోంది. నా జబ్బు నయమైందనుకున్నాను. ఆ ఆరుగురూ వెనక కూర్చొని చూస్తుండేవాళ్లు.

ఒకరోజు జిల్లా వనరుల కేంద్రం కోఆర్డినేటర్, యాభై దాటిన ఆవిడ, క్లాసు చూడటానికి వచ్చారు. అయిపోయాక చెట్టు కింద కూర్చోబెట్టి అడిగారు. "బాగా చెప్తున్నారు. ఏప్రిల్‌లో మీరు వెళ్లిపోతారు. మే నెలలో ఈ క్లాసు ఎవరిది?" నాకు కోపమొచ్చింది. రెండు రోజులు డైరీలో ఆవిడ మీద రాసుకున్నాను. మూడో రోజు ఆ రాసింది చదివితే అందులో అన్నీ 'నేను' ఉన్నాయి. నాకు మళ్లీ ఉత్సాహం రావడం కోసం ఆ ఆరుగురి చేతిలోంచి పని లాక్కున్నాను. విదేశాలకు వాలంటీర్లుగా వెళ్లేవాళ్లు, ముఖ్యంగా ఇక్కడ విసిగిపోయి వెళ్లేవాళ్లు, జాగ్రత్తపడాల్సింది ఇక్కడే. మన మనసు బాగుపడుతోందన్న సంతోషంలో, దానికి మూల్యం ఎవరు చెల్లిస్తున్నారో కనపడదు.

ఇంకో తప్పు కూడా జరిగింది. గుంపులకు ఒకటో స్థాయి, రెండో స్థాయి అని పేర్లు పెట్టాను. 13 ఏళ్ల అబ్బాయి ఒకడు, ఫీజులు రద్దయ్యాక మూడేళ్ల గ్యాప్ తర్వాత బడికి తిరిగొచ్చినవాడు, ఒకటో స్థాయిలో ఎనిమిదేళ్ల పిల్లల మధ్య కూర్చోవాల్సి వచ్చింది. నాలుగు రోజులు వచ్చాడు, ఐదో రోజు నుంచి రాలేదు.

వెనక బెంచీ

జులై నుంచి నేను వెనక్కి వెళ్లాను. ముందు ఆ యువత, వెనక నేను, చేతిలో నోట్‌బుక్కు. క్లాసు అయ్యాక అరగంట మాట్లాడుకునేవాళ్లం: ఈరోజు ఎవరు ముందుకెళ్లారు, ఎవరు ఆగారు, రేపు ఎవరి దగ్గర కూర్చోవాలి. అంతే. పాఠం బాగుందా లేదా అన్న మాట ఎత్తకూడదని నియమం పెట్టుకున్నాం.

ఆ ఆరుగురిలో ఒక అబ్బాయి గురించి చెప్తాను. అప్పటికి 21 ఏళ్లు. గ్రేడ్ 12 పరీక్షల్లో గణితం పోయింది, అది పాస్ కాకపోతే టీచర్ ట్రైనింగ్ కాలేజీలో సీటు రాదు. పొలం పని, సైకిల్ టాక్సీ, మిగతా సమయం బడి. అలవాటు కొద్దీ అతన్ని "నాన్నా" అన్నాను. అర్థం అడిగి తెలుసుకొని, తల్లి వయసు ఆవిడ తనను తండ్రీ అని పిలవడమేమిటని ఆశ్చర్యపోయాడు. తర్వాత ఆ పిలుపుకే పలికేవాడు.

వెళ్లిపోయిన 13 ఏళ్లవాణ్ని తిరిగి తెచ్చింది అతనే. ఇంటికెళ్లి బుజ్జగించలేదు. సైకిల్ పంక్చర్ వేసుకుంటూ వాణ్ని సాయం అడిగాడట, ఆ మాటా ఈ మాటా చెప్పి, పుల్లల కట్టల బాధ్యత చూసుకునేవాళ్లు లేరన్నాడట. మర్నాడు వాడు కట్టలు లెక్కచూసి పంచే పెద్దమనిషిలా వచ్చాడు. స్థాయిల పేర్లు తీసేసి గుంపులకు చెట్ల పేర్లు పెట్టమని చెప్పింది కూడా అతనే. మామిడి, బావోబాబ్, మసుకు. మసుకు అక్కడి అడవి పండు, పిల్లలకు ప్రాణం. కింది స్థాయి గుంపుకు ఆ పేరు ఇచ్చాడు, అందరూ అందులోకే వెళ్తామన్నారు.

అతను కనిపెట్టిన ఇంకొకటి నాకు 22 ఏళ్లలో తట్టనిది. చిన్యాంజాలో అంకెలు ఐదు దాకానే విడి పేర్లతో ఉంటాయి. ఆరంటే 'జిసాను ఎన్ది చిమోద్జి', ఐదూ ఒకటీ. ఎనిమిదంటే ఐదూ మూడూ. పదికి మళ్లీ వేరే పేరు, 'ఖుమి'. బడిలో పిల్లలు వన్, టూ అంటూ ఇంగ్లిష్‌లోనే లెక్కిస్తారు. ఎయిట్ అంటే తడబడే పిల్లను అతను వాళ్ల అవ్వ ఎనిమిదిని ఏమంటుందని అడిగాడు. పిల్ల "జిసాను ఎన్ది జితాతు" అంటూ ఒక చేయి మొత్తం, రెండో చేతి మూడు వేళ్లు చూపించింది. కూడిక ఆ మాటలోనే ఉంది. నేను వెనక బెంచీలో కూర్చొని ఏడ్చేశాను. కారణం అడిగితే ఆ రోజు చెప్పలేకపోయాను. ఒక పిల్లకు అర్థమైన క్షణాన్ని నేను పక్కనుంచి, తీరిగ్గా, మొత్తంగా చూడటం అదే మొదటిసారి. ముందు నిలబడి పాఠం చెప్పేవాళ్లకు అంత తీరిక దొరకదు, తర్వాతి వాక్యం కోసం వెతుక్కుంటుంటారు.

సాయంత్రాలు అతనికి నేను గణితం చెప్పేదాన్ని, అతను నాకు చిన్యాంజా చెప్పేవాడు. ప్రైవేటుగా రాసే జీసీఈ పరీక్షకు కడదామని నిర్ణయించుకున్నాడు. అతనికీ బస్సులోని అమ్మాయి లాంటి ఇబ్బందే: సూత్రాలు నోటికొచ్చు, భిన్నం అంటే ఏమిటో తెలియదు. అక్కడి మొక్కజొన్న పిండి ముద్ద, న్షీమాను పంచుకుంటూ మొదలుపెట్టాం.

కరువు

2024 జనవరిలో కలరా వల్ల బళ్లు తెరవడం వాయిదా పడింది. 8న తెరవాల్సినవి ఫిబ్రవరి 12న తెరిచారు. వానలు ముఖం చాటేశాయి. మొక్కజొన్న కంకి వేసే వేళకు చేలు ఎండిపోయాయి. ఫిబ్రవరి 29న అధ్యక్షుడు హకైండే హిచిలెమా కరువును జాతీయ విపత్తుగా ప్రకటించారు. దేశంలో 116 జిల్లాలుంటే 84 జిల్లాలు దెబ్బతిన్నాయి.

పాలమూరులో పుట్టినదానికి ఆ దృశ్యం కొత్తది కాదు. బొంబాయి, పుణే పనులకు వెళ్లే తల్లిదండ్రుల వెంట బడి వదిలిపెట్టి వెళ్లిపోయిన పిల్లల పేర్లు నా పాత హాజరు పట్టీల్లో ఎన్నో ఉన్నాయి. అక్కడా రోజూ ఇద్దరు ముగ్గురు తగ్గుతూ వచ్చారు. వచ్చినవాళ్లు పదకొండింటికల్లా నీరసపడేవాళ్లు. ఆరుగురిలో ఇద్దరు పని వెతుక్కుంటూ లుసాకా వెళ్లారు. మేం క్లాసు సమయం పొద్దున్నే పెట్టాం, గంటను నలభై నిమిషాలు చేశాం. బోధన పద్ధతులు ఏవీ ఆకలిని తీర్చవు. ఆ నెలల్లో నాకు మళ్లీ నిస్పృహ వచ్చింది. కానీ పాతదానికీ దీనికీ తేడా ఉంది. అప్పుడు దేనివల్ల బాధపడుతున్నానో తెలిసేది కాదు. ఇప్పుడు తెలుసు, ఫలానా పిల్ల ఫలానా రోజు రాలేదు. ఆ బాధతోనే మర్నాడు పనికి వెళ్లగలిగాను.

ఏం మారింది

ఏప్రిల్‌లో మళ్లీ పరీక్షించినప్పుడు మొదటి 41 మందిలో 29 మందే దొరికారు. వాళ్లలో విడి పదం రానివాళ్లు నలుగురే మిగిలారు. ఇది ఆ పద్ధతి గొప్పదనమని నేను ఈ అంకెలతో నిరూపించలేను. వెళ్లిపోయిన 12 మందిలో ఎక్కువమంది కింది స్థాయిలోవాళ్లే, కాబట్టి మిగిలినవాళ్ల లెక్క సహజంగానే బాగా కనిపిస్తుంది. ఆ 13 ఏళ్లవాడు ఫిబ్రవరి చివరికి పదాలు చదువుతున్నాడు, కట్ట విప్పి తీసివేత చేస్తున్నాడు. మార్చిలో వాళ్ల కుటుంబం ఊరు విడిచింది. నోట్‌బుక్కులో వాడి పేరు ఎదురుగా రెండో గడి ఖాళీగానే ఉంది.

ఇక నా సంగతి. శరీరం అలసట తగ్గలేదు, మలేరియా ఒకసారి వచ్చింది, ఏడు కిలోలు తగ్గాను. విముఖత మాత్రం పోయింది. ఫలితం లేదన్న భావన పోవడానికి కారణం నేను అక్కడ గొప్ప ఫలితం సాధించడం కాదు. ఫలితం ఎక్కడ కనిపిస్తుందో తెలిసింది. పిల్ల పక్కన కూర్చుంటే కనిపిస్తుంది, పది నిమిషాల్లో. ఏడాది చివరి ఫలితాల కోసం ఎదురుచూసే పనిలో అది నాకు దొరకలేదు.

మా అత్తమ్మకు తిరిగొచ్చాక జవాబు చెప్పాను. ఇక్కడి పిల్లలు నాకు తెలుసని అనుకున్నాను అత్తమ్మా, అందుకే ఏమీ అడగలేదు. అక్కడ ఏమీ తెలియదు కాబట్టి అడగాల్సి వచ్చింది. "గది తెలుసుకోనీకి ఏడాదా" అంది. అవును, నాకు ఏడాది పట్టింది. విమానమెక్కకుండానే ఇది తెలుసుకున్న టీచర్లు మా మండలంలోనే ఉన్నారు. తెలంగాణలో 2022లో ప్రాథమిక తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు పునాది నుంచి నేర్పే తొలిమెట్టు కార్యక్రమం మొదలైనప్పుడు మా పక్క ప్రాథమిక బడి టీచర్ ఒకావిడ ఇదే పని చేస్తుంటే, హైస్కూల్ టీచర్‌గా నేను తొంగి కూడా చూడలేదు. 2024 జూన్‌లో బడి తెరిచిన వారం నేను మొదట వెళ్లింది ఆవిడ దగ్గరికే. ఆరో తరగతిలో చేరిన పిల్లల్ని ఇద్దరం కలిసి ఒక్కొక్కరినే చూశాం. చీపురు పుల్లలు, రబ్బరు బ్యాండ్లు. రోజూ మొదటి పీరియడ్‌లో ఇరవై నిమిషాలు. సిలబస్ వెనకబడుతోందని కాంప్లెక్స్ మీటింగ్‌లో ఒకసారి అడిగారు, నోట్‌బుక్కు చూపించాను.

ఆ అబ్బాయి జీసీఈ రాశాడు. గణితం ఈసారీ పోయింది, మార్కులు మాత్రం పెరిగాయి. మళ్లీ ఫీజు కట్టానని వాయిస్ మెసేజ్ పంపాడు. ప్రతి ఆదివారం ఇక్కడ రాత్రి ఎనిమిదిన్నరకు, అక్కడ సాయంత్రం ఐదింటికి వాట్సాప్‌లో కూర్చుంటాం. ఆదివారం సాయంత్రపు టెన్షన్ ఇప్పుడు లేదు. పోయిన వారం భిన్నాల భాగహారం దగ్గర ఆగాం. తలకిందులు చేసి గుణించడం అతనికి వచ్చు, ఎందుకు తలకిందులు చేయాలో చెప్పమన్నాడు. వచ్చే ఆదివారానికి నేను సిద్ధం కావాలి.